రోహిణి కార్తెలో విప్పిన వాచీ

చంద్రమౌళి బాబాయి వాచీల కొట్టు జగ్గయ్యపేటలో సున్నపురాయి లారీలు తిరిగే రోడ్డు మీద ఉంది. తొమ్మిదో తరగతిలో బడి మానేశాక మూడేళ్లుగా అక్కడే పని నేర్చుకుంటున్నా. నేను పెద్దగా మాట్లాడను. చూస్తూ ఉంటా.

బాబాయి పద్ధతి ఊరందరికీ తెలుసు. బ్యాటరీ వాచీ అయితే ఎప్పుడైనా చేస్తాడు. కీ ఇచ్చే పాత వాచీ తెస్తే మాత్రం వాన పడ్డాక రమ్మంటాడు. దుమ్ము అణిగితేనే దాన్ని విప్పుతాడు. వయసులో ఉన్నప్పుడు బెంగుళూరు వెళ్లి వాచీల ఫ్యాక్టరీ చూసొచ్చాడట. చల్లటి ఊరు కాబట్టే అక్కడ పెట్టారనీ, మన ఎండకి వాచీలో నూనె పల్చబడి జారిపోతుందనీ, చెమట బొట్టు పడితే చక్రాలు తుప్పు పడతాయనీ చెబుతాడు. రైతుల తర్వాత మబ్బుల కోసం చూసేది ఈయనొక్కడేనని ఎదురు కిరాణా కొట్టు ఓంకార్ గారు నవ్వుతారు.

మొన్న రోహిణి కార్తెలో, ఓ మంగళవారం, పుష్పవతి గారు వచ్చారు. నందిగామలో క్లర్కు. శుక్రవారం రిటైర్మెంటు. ఉద్యోగంలో చేరిన రోజు వాళ్ల నాన్న ఆవిడ చేతికి కట్టిన కీ వాచీ ఇప్పుడు ఆగిపోయింది. ఆఖరి రోజు కూడా దాన్నే పెట్టుకోవాలని ఆవిడ కోరిక. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. బాబాయి కాదనలేకపోయాడు.

బుధవారం విప్పబోయాడు. ఫ్యాను వేస్తే దుమ్ము లేస్తోంది, ఆపితే నుదుటి మీంచి చెమట కారుతోంది. మూత తీయకుండానే పక్కన పెట్టేసి, కుదరదని ఆవిడకి ఫోన్ చెయ్యమన్నాడు.

నేను చెయ్యలేదు. మా అమ్మమ్మ వేసవిలో గుమ్మానికి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లేది. వడగాలి అందులోంచి వచ్చేసరికి చల్లబడేది. దుమ్మంతా బయటివైపే బురదై అంటుకునేది. ఈ మాట నోట్లోంచి రావడానికి నాకు గంట పట్టింది.

"బెంగుళూరుని గుమ్మానికి కడదామంటావా?" అన్నాడు బాబాయి.

"కట్టి చూద్దాం బాబాయ్. కుదరకపోతే అప్పుడు ఫోన్ చేస్తా."

గురువారం ఓంకార్ గారు తన గోడౌనులో మూల పడున్న తడిక తెచ్చారు. నీళ్లు చల్లే డ్యూటీ కూడా తానే తీసుకున్నారు. తీసుకుని చెంబుడు నీళ్లూ ఒక్కసారే గుమ్మరించారు. బల్ల దాకా చిందాయి. బాబాయి వాచీని గుండెకి హత్తుకుని లేచాడు.

"నువ్వడిగింది వానేగా మౌళీ?" అన్నారు ఓంకార్ గారు తాపీగా.

ఆ తర్వాత చెంబు నేను తీసుకున్నా. కొట్టంతా వట్టివేళ్ల వాసన. బాబాయి నుదురు పొడిగా ఉంది. మూడు గంటలు వంచిన తల ఎత్తలేదు. చివరికి, లోపల ఊగే చిన్న చక్రాన్ని అమర్చి పట్టకారు తీశాడు. అది ఊగింది. వాచీ తెచ్చి నా చెవి దగ్గర పెట్టాడు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

ఆ సాయంత్రమే వాచీ తీసుకెళ్లిన పుష్పవతి గారు శనివారం స్వీట్ల ప్యాకెట్‌తో వచ్చారు. వాచీ చేతికే ఉంది.

"మా ఆఫీసరు నన్ను పొగుడుతూ ఇరవై మూడు నిమిషాలు మాట్లాడారండీ. ఇందులో చూసుకుంటూనే ఉన్నా."

బాబాయి పొగడ్తల సంగతి అడగలేదు. ఇరవై మూడు నిమిషాల పైన ఎన్ని సెకన్లో చెప్పమన్నాడు.