సాంబయ్య తాత పవరు, నాయనమ్మ పేరు

మా తాతయ్య శ్రీమన్నారాయణ ఆగిరిపల్లి పక్కన ఎనిమిదెకరాల మామిడితోటకి రాజు. రాజుగారికి ఒకటే భయం. "పాలసీలో పెళ్ళాం పేరు రాస్తే, ఎప్పుడు పోతానా అని రోజూ నా మొహం చూస్తుంది" అనేవాడు. అందుకే జీవిత బీమాకి నామినీగా వాళ్ళమ్మ పేరు రాయించాడు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది.

నాయనమ్మ గోవిందమ్మ పేర సెంటు భూమి లేదు. తనకంటూ మిగిలేది ఆ పాలసీ ఒక్కటే. మొన్న తాతయ్యకి గుండె పట్టేసింది. గ్యాస్ అని తేలిందిలెండి. అప్పట్నుంచి పేరు మార్చమని ఒకటే పోరు.

"సాంబయ్యకి పవరిచ్చానుగా! వాడే డబ్బు తీసి నీ చేతిలో పెడతాడు" అనేవాడు తాతయ్య. సాంబయ్య ఆయన తమ్ముడు. కంటి ఆపరేషన్ అప్పుడు, తన బదులు సంతకాలు పెట్టమని రాసిచ్చిన పవరాఫ్ అటార్నీ అది.

చివరికి ఏజెంటు భవాని స్కూటీ మీద వచ్చింది. తాతయ్య ఆమెకే పాఠం మొదలెట్టాడు.

"అమ్మాయ్, పూత మీద తోట కౌలుకిచ్చి నేను పోయాననుకో. ఆ ఏడు కాపు వ్యాపారిదే కదా? పవరూ అంతే."

"కౌలు వేరు బాబాయ్‌గారూ. పవరు మీరున్నంతవరకే. మీతోపాటే పోతుంది. నామినీ పని అప్పుడే మొదలవుతుంది."

"రిజిస్ట్రాఫీసులో రాయించాం కదమ్మా!"

"బ్రహ్మదేవుడి దగ్గర రాయించినా అంతేనండీ. పోయినవాళ్ళ తరఫున సంతకం చెల్లదు."

తాతయ్య మెత్తబడ్డాడు. భవాని ఫారం తీసింది. "నామినీ పేరు చెప్పండి."

"మా ఇంటిది అని రాయి."

"పేరండీ!"

పెళ్ళయి నలభై ఆరేళ్ళు. ఆయన నోట ఆ పేరు నేను ఎప్పుడూ వినలేదు. "గోవిందమ్మ" అన్నాడు, గొంతు తగ్గించి. నాయనమ్మ కొంగు సర్దుకుంది.

"వాటా ఎంత రాయమంటారు?"

"సగం రాస్తే సగం ప్రాణమైనా మిగులుతుందేమో!"

"మొత్తం రాయమ్మా. సగం మనిషితో నేను వేగలేను" అంది నాయనమ్మ.

సాక్షి సంతకం నాదే. ఇంగ్లీషులో పెట్టబోతే పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. మళ్ళీ తెలుగులో పెట్టించారు.

పేరు మారినట్టు వారం తర్వాత మెసేజ్ వచ్చింది. ఆ సాయంత్రం నాయనమ్మ కాఫీ ఇస్తే తాతయ్య గ్లాసు ముట్టుకోలేదు.

"ముందు నువ్వు తాగు."

నాయనమ్మ ఆయన మొహమే చూస్తూ ముప్పాతిక గ్లాసు తాగి, అడుగున మిగిలింది ఆయన చేతిలో పెట్టింది.