మేనేజరు గారి స్నానం

మా బావ గురించి చెప్పమంటే పెద్దగా చెప్పడానికేం ఉండదు. ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు కోసే మిషను మీద పని. పొద్దున్నే క్యారియరు పట్టుకుని వెళ్ళడం, సాయంత్రం చొక్కా నిండా కాగితపు పొట్టుతో రావడం. వస్తూ వస్తూ రంగు కాగితం ముక్కలు జేబులో కుక్కుకొచ్చి కూతురి నెత్తిన గుమ్మరించేవాడు. అది వాటిని ఇల్లంతా చల్లేది. ఊడ్చేది మాత్రం నేను. నేను అక్కావాళ్ళింట్లోనే ఉంటూ బట్టలు కుడతాను. ఆ పిల్లకి మేం పెట్టుకున్న పేరు పిడుగు. అక్క కూతురు కాబట్టి ఊరుకున్నాను గానీ, లేకపోతే చీపురు దాని చేతికే ఇచ్చేదాన్ని.

ఒకరోజు ఆ మిషను బావ కుడిచేతి వేళ్ళు తీసుకుపోయింది. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. ఎలా జరిగిందని ఎవరడిగినా "చెయ్యి తీయడం ఆలస్యమైంది" అన్నాడు, అంతే. ఏడవలేదు, ఎవర్నీ ఒక్క మాటనలేదు. నేనైతే ఆ మిషనునీ, దాన్ని చేసినవాణ్ణీ, వాడి ఏడు తరాలనీ తిట్టిపోసేదాన్ని.

కట్టు విప్పిన రోజున పిడుగు ఆ చేతిని చూసింది. కెవ్వున కేకేసి తలుపు వెనక్కి దూరింది. ఇక ఆ తర్వాత బావ ఉన్న గదిలోకి అడుగుపెడితే ఒట్టు. బావ హాల్లో కూర్చుంటే అది వంటింట్లో తినేది. బావ మంచినీళ్ళకని వంటింట్లోకొస్తే హాల్లోకి పరుగు. బావ తువ్వాల కింద చెయ్యి దాచుకుని కుర్చీలో కూర్చునేవాడు. టీవీ పెడితే చూసేవాడు, ఆపేస్తే ఆపేసిన టీవీనే చూసేవాడు. అక్క తను పనిచేసే బట్టల షాపునుంచి వచ్చి, వండి, తండ్రికొకచోట, కూతురికొకచోట వడ్డించేది. ఇదేం బతుకే అని అడిగితే "అలవాటైపోయిందిలే" అంది. అలవాటట, నా తలకాయ!

ఒక ఆదివారం చూస్తే బావ సంచిలో చొక్కాలు సర్దుకుంటున్నాడు.

"ప్రెస్సు వెనక గది ఖాళీగా ఉందట. అక్కడే ఉంటాను. పిల్ల స్థిమితంగా తింటుంది."

గొంతులో బాధా లేదు, కోపమూ లేదు. రేపట్నుంచి పాలొద్దని పాలవాడికి చెప్పినట్టు చెప్పాడు. అక్క అయినా ఏమన్నా అంటుందా అంటే, తలూపింది! నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎక్కడికయ్యా మహానుభావా? పిల్ల జడుసుకుందని తండ్రి ఇల్లొదిలేసి పోతాడా? కూర్చో!" అని సంచి లాక్కుని మంచం కిందికి తోసేశాను.

"దానికి నన్ను చూస్తే భయం."

"నిన్ను చూసి కాదు, చేతిని చూసి. ఏదీ, ఇటు తే."

బావ పాత సాక్సు ఒకటి తీసి, గుండీలతో కళ్ళు కుట్టాను. వేళ్ళు బయటికి రావడానికి అటూ ఇటూ కత్తిరించాను. నల్లదారంతో మీసం పెట్టాను. బావ చేతికి తొడిగి చూస్తే అచ్చం వాళ్ళ ప్రెస్సు మేనేజరే. ఆయన ఆస్పత్రికొచ్చి, ఏం అడిగినా "చూద్దాం, చూద్దాం" అనేసి పోయిన ఘనుడు.

"పిడుగూ! మేనేజరు గారొచ్చారే! పాలు తాగనివాళ్ళ సంగతి తేలుస్తారట!" అని కేకేసి బావ కుర్చీ వెనక నక్కాను. తలుపు సందులోంచి ఒక కన్ను కనిపించింది.

"ఏమ్మా, పాలు తాగావా?" అన్నాను ముక్కుతో.

"తాగలేదు."

"చూద్దాం."

"నాకు సైకిలు కావాలి."

"చూద్దాం."

"నీకు చూద్దాం తప్ప ఇంకేం రాదా?"

"చూద్దాం."

కిసుక్కుమంది. అక్క గరిటె పట్టుకునే వచ్చి, "అయ్యా, నాకు వంటకి ఒకపూట సెలవు కావాలండీ" అని వంగి దండం పెట్టింది. చూద్దాం అన్నాను. అక్క నవ్వింది! బావ మాత్రం కొయ్యబొమ్మలా కూర్చున్నాడు. కాకపోతే మేనేజరు చిటికెనవేలు నేను చెప్పకుండానే కాస్త ఊగింది.

ఆనాటి నుంచీ రోజూ అదే ఆట. పిడుగు మేనేజరుకి అన్నం పెట్టింది, మీసం పీకింది, అల్లరి చేశాడని గోడ వైపు తిప్పి నిలబెట్టింది. చివరికి మీసం అందడం కోసం బావ ఒళ్ళోకే ఎక్కింది. నేను గెలిచాననుకుని విర్రవీగుతుంటే బావ అన్నాడు కదా:

"అది మేనేజరు దగ్గరికొస్తోంది. నా దగ్గరికి కాదు."

మళ్ళీ అదే పాలవాడితో మాట్లాడే గొంతు. మంచం కిందనుంచి సంచి తీసి గుమ్మం పక్కన పెట్టుకున్నాడు. భయమేసింది నాకు.

మర్నాడు మధ్యాహ్నం, అక్క భోజనానికొచ్చిన వేళ, పిడుగు సబ్బు పట్టుకుని వచ్చింది. "మేనేజరు గారు కంపు కొడుతున్నారు. స్నానం చేయించాలి" అంది. నిజమే, అది తినిపించిన అన్నమూ పాలూ అన్నీ ఆ సాక్సులోనే ఉన్నాయి. మేం వారించేలోపే పట్టుకుని లాగేసింది.

బావ తువ్వాల కోసం తడుముకున్నాడు. తువ్వాల దండెం మీద ఉంది. పిడుగు మొహం వంకర పోయింది. కేక పెట్టబోతోందని తెలిసిపోయింది. ముక్కుతో ఏదో ఒకటి అందామని నేను కుర్చీ వెనక్కి వెళ్ళబోయాను.

"ఏంటమ్మా, చొక్కా విప్పేశావు? సిగ్గేస్తోంది నాకు" అన్నాడు బావ. సొంత గొంతుతోనే. బొటనవేలు ముందుకి వంచి మొహం దాచుకున్నట్టు పెట్టాడు.

పిడుగు వంగి ఆ చేతిని దగ్గరగా చూసింది.

"నొప్పా?"

"లేదు. ఇక్కడంతా మొద్దుబారిపోయింది. ఏమీ తెలీదు."

"గిల్లినా?"

"తెలీదు."

గోటి చివరతో గిల్లి చటుక్కున వెనక్కి గెంతింది. "ఇప్పుడు?"

"తెలీదు."

సబ్బు రాసింది. ఊదింది. చక్కిలిగిలి పెట్టింది. ప్రతిసారీ "ఇప్పుడు?" అని అడగడం, తెలీదంటే పకపకా నవ్వడం. దాన్ని చూసి నేనూ అక్కా కూడా నవ్వాం. నవ్వనిది బావ ఒక్కడే. తెలీదు, తెలీదు అని చెప్పుకుంటూ పోయాడు. అది అలా చేతి వెంటే పైపైకి పోయి, మణికట్టు దగ్గర కసుక్కున కొరికింది.

"అమ్మో! చచ్చాన్రా నాయనో!"

ఎదురింటివాళ్ళు కిటికీ తెరిచారు. పిడుగు చప్పట్లు చరుస్తూ గెంతింది. "నాన్నకి తెలిసింది! నాన్నకి తెలిసింది!"

బావ మణికట్టు మీద పడ్డ పళ్ళ గాట్లనే చూస్తూ ఉండిపోయాడు. ఇన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. బావ దగ్గరికి అక్క పోబోతే నేనే ఆపాను. బావ కళ్ళు తుడుచుకోలేదు, ఆ చేతినే మళ్ళీ కూతురి ముందుకి చాపాడు.

"ఇంకోసారి కొరకవే తల్లీ" అన్నాడు.