జేబున్న బొంత

కలకత్తాలో వాట్‌గంజ్ వెళ్లే మినీబస్సులో కిటికీ పక్కన నేను, నా తెలుగు విని పలకరించిన ఒక పెద్దావిడ, ఆమె ఒడిలో కూరల సంచి, నా ఫోనులో అప్పుడే చూసొచ్చిన ఆధునిక బొంతల ప్రదర్శన ఫోటోలు. అన్నిటికన్నా నచ్చిన బొంతను ఆమెకు చూపించాను. నీలం చీర ముక్కల నడుమ ఖాకీ చొక్కా జేబు.

ఆమె ఫోను లాక్కుంది.

“ఇది నాను కుట్టిందే. ఆయన బీడీలకని జేబు ఉంచీసినాను. ఆయన సవం మీద కప్పి, కాటికాడ ఒగ్గీసినాం.”

ఫోను వదలకుండానే నా చేతుల వైపు చూసింది.

“ముట్టుకున్నావేటి, బాబూ?”

ముట్టుకున్నాను. ప్రదర్శనలో ఎవరూ చూడకుండా జేబులో వేలు కూడా పెట్టాను.

“ఇంటికెల్లి తానం సెయ్యి. సావుగుడ్డ బొమ్మయినా ఇంట్లో ఉండకూడదు, తీసీ” అంది. అంటూనే ఆ జేబు మీద బొటనవేలు ఆనించి, తన స్టాపు వచ్చేదాకా ఫోను ఇవ్వలేదు.

ఆమె దిగాక తీసేశాను. ఆ బొంతవి నాలుగు ఫోటోలు.