చిన్నిస్త్రీ చెప్పని మాట

ఆ వీధి మొత్తానికి ఇస్త్రీ దుకాణం ఒక్కటే. దాన్ని నడిపేది ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అక్కను పెద్దిస్త్రీ అనీ, చెల్లెల్ని చిన్నిస్త్రీ అనీ వీధివాళ్ళు పిలిచేవాళ్ళు. ఈ పేర్లు పెట్టిన మహానుభావుడెవరో తెలీదు గానీ, చెవిన పడ్డప్పుడల్లా పెద్దిస్త్రీ పళ్ళు కొరికేది. పళ్ళు కొరకడం ఆమెకు కొత్తేం కాదు. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా ఎవరి మీదో ఒకరి మీద కొరుకుతూనే ఉండేది. బయటివాళ్ళెవరూ దొరక్కపోతే చెల్లెలు ఎలాగూ ఉంది.

పెద్దిస్త్రీ పెళ్ళి చేసుకోలేదు. చిన్నిస్త్రీకి చేసిన పెళ్ళి నిలవలేదు. దుకాణం వెనక గదిలో రెండు మంచాలు, మధ్యలో స్టవ్వు. ఒకరికొకరు తప్ప ఇద్దరికీ వేరే దిక్కు లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టే ఒకరంటే ఒకరికి అంత ఒళ్ళుమంట.

అసలు గొడవ ఒక కోటుతో మొదలైంది. వీధి చివర లాడ్జిలో దిగిన ఒక విదేశీ ఆవిడ దాన్ని తెచ్చి ఇచ్చింది. కాలర్ లోపల చిన్న గుడ్డముక్క కుట్టి ఉంది, దాని మీద వాళ్ళ భాషలో ఏవో నాలుగు ముక్కలు. వేడి తగలనివ్వద్దని రాసి ఉండాలి. చిన్నిస్త్రీ తగలనిచ్చింది. కోటు వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారం ముద్ర కొట్టినట్టు పడింది. ఆవిడ వచ్చి చూసుకుని, దుకాణం మధ్యలో నిలబడి దులిపేసింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. చిన్నిస్త్రీ మాత్రం మర్యాదగా నవ్వుతూ, ప్రతి తిట్టుకీ తలూపుతూ నిలబడింది.

ఆవిడ వెళ్ళాక పెద్దిస్త్రీ అందుకుంది. "ఏం చెప్పిందో తెలిసిందా?"

"లేదక్కా."

"మరి దేనికే ఆ ఇకిలింపు? నిన్నేమందో, నన్నేమందో, మన పుట్టుకనేమందో! తిడుతున్నారని కూడా తెలీని బతుకూ ఒక బతుకేనా?"

ఆ మాట చిన్నిస్త్రీకి ముల్లులా దిగింది. నోట్లో నాలుక లేనిదని పేరుపడ్డ మనిషి, ఉన్న నాలుక చాలదన్నట్టు ఇంకో నాలుక పెంచడం మొదలుపెట్టింది. గంజి సీసాకు ఫోన్ ఆనించి పెట్టుకునేది. ఫోన్ ఆ కోటు ఆవిడ భాషలో ఒక వాక్యం చెబుతుంది. ఈమె కాలర్ రుద్దుతూ ఆ వాక్యం అంటుంది. ఫోన్ ఇంకోటి చెబుతుంది. ఈమె చేతులు రుద్దుతూ అదీ అంటుంది. చొక్కా మడత పడేసరికి ఒక పాఠం అయ్యేది.

"ఆపవే ఆ కాకిగోల! చెవులు చిల్లులు పడుతున్నాయి," అనేది పెద్దిస్త్రీ.

ఆగేది కాదు. ఆమె కూడా మొండిఘటమే, ఆ ఇంట్లో పుట్టిందేగా. చిత్రమేమిటంటే, కొన్ని మాటలకు పెద్దిస్త్రీ ఏమీ అనేది కాదు. కొన్నింటికి మాత్రం ఇస్త్రీపెట్టెను బల్ల మీద ధబ్బున దించేది. అందులోనూ 'దుకాణం మూసేశాం, రేపు రండి' అనే పాఠం దగ్గర మరీను. అందులో 'రేపు' అనే మాట చిన్నిస్త్రీకి ఎంతకీ నోరు తిరిగేది కాదు. ఒకసారి అంటుంది, ధబ్. మళ్ళీ అంటుంది, మళ్ళీ ధబ్. చెల్లెలు నాలుగు ముక్కలు నేర్చుకుంటుంటే అక్కకు కుళ్ళని చిన్నిస్త్రీ అనుకుంది. అక్కను ఉడికించడానికే ఇంకాస్త గొంతు పెంచి అనేది.

అది చాలదన్నట్టు మధ్యలో బండి వచ్చింది. బట్టలు ఇళ్ళకు చేరవేసే పాత మోపెడ్ మూలపడితే, చిన్నిస్త్రీ కరెంటు స్కూటర్ కొంది. దుకాణంలో ఉన్నవి రెండే ప్లగ్గులు, ఇద్దరి ఇస్త్రీపెట్టెలకు చెరొకటి. చిన్నిస్త్రీ తన పెట్టె ఆపి, తన ప్లగ్గులోంచి బండికి ఛార్జింగ్ పెట్టేది. పెద్దిస్త్రీ కళ్ళలో నిప్పులు పోసుకునేది.

"కస్టమర్ల బట్టలు కుప్పపడుంటే ఆ మూగబండికి మేత పెడుతున్నావా? పాతదైతే మలుపు తిరగ్గానే డుగ్గుడుగ్గుమని తెలిసేది. ఇది వచ్చిందో తెలీదు, రాలేదో తెలీదు. చప్పుడు లేకుండా వచ్చేది దొంగో, దయ్యమో! నేను చచ్చినా దాన్ని ముట్టను."

"ముట్టమని ఎవరు బతిమాలారు?"

ఇలా ఉప్పూ నిప్పులా నడుస్తున్న కాపురంలో ఒకరోజు చిన్నిస్త్రీ పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ కోటు ఆవిడ దేశానికి వెళ్తోందట. గుంపుతో కాదు, ఏజెంటుతో కాదు, ఒక్కతే.

"అక్కడెవరున్నారే నీకు?"

"ఎవరూ లేరు. అందుకే వెళ్తున్నా."

"వెళ్ళి ఏం చేస్తావు? మళ్ళీ తిట్టించుకుంటావా?"

"తిట్టించుకుంటా. ఈసారి అర్థమవుతుంది."

పెద్దిస్త్రీ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "సరే. విను. వెళ్తే మళ్ళీ ఈ షట్టర్ కింద తల దూర్చకు. ఇది ఒట్టి బెదిరింపు అనుకుంటావేమో, కాదు."

అనుకోవడానికి వీల్లేదు. పెద్దిస్త్రీ అన్నంత పనీ చేసే రకం. ఎప్పుడో ఒక లెక్కల మాస్టారు మడత బాగోలేదన్నందుకు 'ఇక రావద్దు' అంది. ఆ మాస్టారు ఈనాటికీ మూట మోసుకుని రెండు వీధులవతలికి పోతుంటాడు, ఈ దుకాణం ముందు నుంచే, తల దించుకుని. తన గతీ అంతేనని చిన్నిస్త్రీకి తెలుసు. వెనక గదిలోని మంచం, బల్ల మీద తన వైపు సగం, తిట్టడానికి ఈ లోకంలో మిగిలిన ఒకే ఒక్క మనిషి, అన్నీ ఆ షట్టర్‌కి ఇవతలే ఉన్నాయి. తెలిసీ వెళ్ళింది.

వెళ్ళేరోజు సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది. పెద్దిస్త్రీ దిండు గలీబు రుద్దుతోంది, తల ఎత్తలేదు.

"వెళ్తున్నా," అంది చిన్నిస్త్రీ.

మన ఇళ్ళల్లో ఆ మాట ఎవరూ అనరు. వీధి చివర పాలప్యాకెట్‌కి వెళ్ళినా 'వెళ్ళొస్తా' అనే అంటారు. పొరపాటున 'వెళ్తున్నా' అన్నారా, 'వస్తానని చెప్పు' అని అక్కడికక్కడే దిద్దుతారు. పెద్దిస్త్రీ దిద్దలేదు. కానీ ఇస్త్రీపెట్టె గలీబు మీద ఆగిపోయింది. అది దేనికోసం ఆగిందో చిన్నిస్త్రీకి తెలుసు. ఆ 'వస్తా' నాలుక చివరే ఉంది. కావాలనే మింగేసింది. ఆమె రోడ్డెక్కేసరికి మాడిన గుడ్డ వాసన వెనకాలే వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక పెద్దిస్త్రీ చేతిలో ఒక్క బట్ట మాడలేదు. మాడనీ, నాకేం, అనుకుని చిన్నిస్త్రీ బస్సెక్కింది.

ఆ దేశంలో దిగగానే గాజుపెట్టెలో కూర్చున్న అధికారి ఆమెను ఎగాదిగా చూశాడు. ఒక్కదానివేనా, ఎందుకొచ్చావు, ఎవరు పిలిచారు అని గుచ్చి గుచ్చి అడిగాడు. ఆమెకు మొదట భయమేసింది. తర్వాత అతని కాలర్ చూసింది. అంచు నలిగి, లోపలికి మడిచిపోయి ఉంది. ఆ కాలర్ చూశాక ఆ మనిషికి భయపడటం ఆమె వల్ల కాలేదు. "చూడ్డానికి వచ్చాను," అని వాళ్ళ భాషలోనే చెప్పింది. అతను ముద్ర కొట్టి, పాస్‌పోర్టు విసిరినట్టు ఇచ్చాడు.

ఆ ఊళ్ళో ఆమెను చూసి ఎవరూ సంబరపడలేదు. మంచాల మీద మంచాలు వేసిన గదిలో కింద పడుకున్న అమ్మాయి, నిచ్చెన చప్పుడు చేస్తున్నావని విసుక్కుంది. రొట్టెల కొట్టువాడు ఈమె మాట పూర్తయ్యేలోపే వెనక నిలబడ్డవాళ్ళను రమ్మన్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, నోరు తిరగనివాళ్ళకు ఏ ఊరూ మంచిది కాదని ఆమెకు అర్థమైంది.

మూడో వీధిలో స్కూటర్లు అద్దెకిచ్చే కొట్టు కనిపించింది. బోడిగుండు యజమాని ఆమెకు నిలబడి నడిపే చిన్న బండి చూపించాడు. ఆమె తల అడ్డంగా ఊపి, కూర్చుని నడిపేది, అచ్చం తన మూగబండిలాంటిది, చూపించింది.

"నడపడం వచ్చా?" అన్నాడు ఎగతాళిగా.

ఆమె జవాబు చెప్పకుండా బండెక్కి, కొట్టు ముందున్న ఇరుకు సందులో గిర్రున తిరిగి వచ్చి అతని బూట్ల ముందు ఆపింది. అతను మొహం మాడ్చుకుని తాళం ఇచ్చాడు. రెండురోజులకు మాట్లాడుకున్నారు. బయల్దేరుతూ, అలవాటు చొప్పున, ఒక మాట అంది. 'వెళ్ళొస్తాను' అనే మన మాటను తిన్నగా వాళ్ళ భాషలోకి దించింది. అతను సరేనన్నట్టు చెయ్యి ఊపాడు.

సముద్రం పక్క రోడ్డు మీద బండి చప్పుడు లేకుండా పోతుంటే గాలి చప్పుడు, నీళ్ళ చప్పుడు, తన ఊపిరి కూడా వినిపించాయి. ఇన్నేళ్ళలో ఎవరి గొంతూ వినపడకుండా గడిచిన మొదటి పూట అదేనేమో. ఆమెకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఆ రోడ్డు కొండ ఎక్కేసరికి ఛార్జింగ్ అయిపోయింది. అక్కడి టీ కొట్టు ఆవిడ ప్లగ్గు ఇవ్వనంది. ప్లగ్గు కోసం పోట్లాడటం చిన్నిస్త్రీకి ఒకరు నేర్పాలా? వచ్చిన నాలుగు ముక్కలతోనే ఆవిడ నోరు మూయించి, బండికి మేత పెట్టి, ఆ రాత్రి కొండ మీదే ఉండి, మర్నాడు మధ్యాహ్నం దిగింది.

కొట్టు ముందు బోడిగుండు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూస్తూనే లేచాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఎక్కడ చచ్చావు? రాత్రి కొట్టు మూయకుండా కూర్చున్నా. కూతురింటికి భోజనానికి వెళ్ళాల్సింది మానేశా. కొండ రోడ్డు మీద లోయలో పడ్డావేమోనని పోలీసులకు ఫోన్ చేశా. అబద్ధాలకోరువి, మతిలేనిదానివి!"

చిన్నిస్త్రీ కదలకుండా వింది. ప్రతి ముక్కా అర్థమైంది. అబద్ధాలకోరు అర్థమైంది, మతిలేనిది అర్థమైంది. ఒళ్ళు పులకరించింది. ఈసారి ఆమె నవ్వలేదు, తలూపలేదు.

"రెండురోజులకు తీసుకున్నాను. రెండోరోజు వచ్చాను. నీ కూతురింటికి వెళ్ళొద్దని నేను చెప్పానా?"

"వెళ్ళి వస్తానన్నావు! అలా అంటే ఇప్పుడే వస్తానని. నేను ఎదురుచూడాలా వద్దా? వెళ్ళేవాళ్ళు వెళ్తున్నా అని చెప్పి వెళ్ళాలి!"

"మా భాషలో అలా అనరు. మళ్ళీ రానివాళ్ళు…"

బోడిగుండు ఇంకా తిడుతూనే ఉన్నాడు గానీ, ఆమెకు ఒక్క ముక్క వినపడలేదు. మాడిన గలీబు వాసన ముక్కుకు తగిలింది. ముక్కూమొహం తెలియని వాడికి అడక్కుండానే ఇచ్చేసిన మాట. వాడు ఆ ఒక్క మాట పట్టుకుని భోజనం మానుకుని కూర్చున్నాడు. అక్కకు మాత్రం ఇవ్వలేదు.

ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. అవతల ఎత్తారు.

"అక్కా, నేనే. ఎల్లుండి వస్తున్నా."

"రాంగ్ నంబర్," అని పెట్టేసింది పెద్దిస్త్రీ.

ఎండవేళ చిన్నిస్త్రీ వీధిలో దిగింది. సంచి బరువు కంటే గుండె బరువే ఎక్కువగా ఉంది. దుకాణం షట్టర్ సగం దించి ఉంది. ఆమె వంగి తల పెట్టబోయింది. షట్టర్ బర్రున జారి, సంచి పట్టేంత సందు మిగిల్చి ఆగింది. పక్క కొట్లవాళ్ళు పనులు మానేసి చూస్తున్నారు. తలెత్తితే ఆ లెక్కల మాస్టారు మూటతో అటు పోతూ కనిపించాడు.

లోపలి నుంచి మాట వినిపించింది.

"దుకాణం మూసేశాం. రేపు రండి."

ఆ దేశపు భాషలో! యాస ఎక్కడా చెడలేదు. 'రేపు' అనే మాటైతే బోడిగుండు కూడా అంత శుభ్రంగా అనడు. చిన్నిస్త్రీ మెట్టు మీద కూలబడింది. ఏళ్ళ తరబడి బల్లకు అవతల నిలబడి, కాకిగోల అంటూనే, ఒక్క పాఠం వదలకుండా వింది ఈ మహాతల్లి.

"రేపా?" అంది ఆ భాషలోనే, పీల గొంతుతో.

లోపల ధబ్.

అప్పుడు తెలిసింది. ఆ ధబ్బు ఎప్పుడూ పాఠం మీద కాదు, తప్పు మీద. ఆమె గొంతు సవరించుకుని, ఆ మాటను జాగ్రత్తగా, నాలుక ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టి మళ్ళీ అంది. ఈసారి చప్పుడు లేదు.

"వెళ్ళొచ్చానక్కా," అంది ఇక మన భాషలో.

"వస్తానని చెప్పి వెళ్ళినవాళ్ళు అనాలి ఆ మాట," అంది లోపలి గొంతు కటువుగా. "దిక్కుమాలినదానా! ఎక్కడ పడి చచ్చావోనని ఒక్కరోజూ కంటి మీద కునుకు లేదు. అసలు వస్తావో రావో చెప్పకుండా పోతావా?"

చిన్నిస్త్రీ ఏడుస్తూ కూర్చుంది. గోడవారగా తన బండి కనిపించింది. షట్టర్ సందులోంచి వైరు బయటికొచ్చి దానికి తగిలించి ఉంది. ఛార్జింగ్ నిండుగా ఉంది.

ఆ సందులోంచే ఒక బట్టల మూట బయటికొచ్చింది, కాలితో తన్నినట్టు. దాని వెనక తాళంచెవి ఖణేలుమని పడింది.

"లాడ్జివాళ్ళు పొద్దుటి నుంచి ప్రాణం తీస్తున్నారు. ఇచ్చి రా."

చిన్నిస్త్రీ ముక్కు తుడుచుకుంది. సంచిని ఆ సందులోంచి లోపలికి తోసింది. ఎవరూ బయటికి తోసెయ్యలేదు. వైరు ఊడదీసి, మూటను బండి మీద పెట్టుకుని, వీధి వీధంతా వినపడేలా అరిచింది.

"అక్కా, వెళ్ళొస్తా!"

లోపల ఇస్త్రీపెట్టె ధబ్బుమనలేదు.