మూత లోపలి పేరు

ఇన్నేళ్లూ నేనేమీ రాయకపోవడానికి కారణం పెద్దదేమీ కాదు, నాకు రాయడం వచ్చేది కాదు. జమ్మలమడుగులో మా ఇంట్లో పలక ఒకటే ఉండేది, అది అన్నకు పోయింది. నా చేతికి వచ్చింది నూలు కండెలు చుట్టే రాట్నం. అయితే ఒక్క మాట మాత్రం రాయడం వచ్చుననుకునేదాన్ని, అది నా పేరు. నిన్న ప్రొద్దుటూరులో దువ్వూరు బస్సు కోసం నిలబడి ఉంటే ఆ పాత తెల్ల కారు పట్టపగలే రెండు లైట్లూ పైకి లేపుకుని నా ముందు నుంచి పోయింది. ఇంటికి రాగానే కాగితం తీశాను.

మా మగ్గాలు నిలిచిపోయాక అన్న ప్రొద్దుటూరులో మోటార్లు బాగుచేసే అంగడి పెట్టాడు. నూలు చుట్టిన చేతికి రాగి తీగ చుట్టడం ఎంత పని, నెల తిరక్కుండానే నాకు పట్టుబడింది. అన్న ముందు గదిలో వచ్చినవాళ్లతో మాట్లాడేవాడు, నేను తెర వెనక పని చేసేదాన్ని. ఆ రోజుల్లో బంగారం అంగడి షావుకారు ఒకాయన ఎక్కడి నుంచో ఆ తెల్ల విదేశీ కారు తెప్పించాడు. మన తరం వాళ్లలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది, దాని లైట్లు ముందు భాగంలో లోపలికి దాక్కుని ఉండి, మీట నొక్కితే రెప్పలెత్తినట్టు పైకి లేచేవి. అది చూడడానికి జనం బేరాలు వదిలేసి బయటికి వచ్చేవాళ్లు. ఒకనాడు ఎడమ పక్కది లేవడం మానేసింది. ఒంటికన్ను షావుకారని బజారంతా నవ్వుతుంటే ఆయన చిన్నబోయిన మొహంతో మా అంగడికి వచ్చాడు.

లైటును లేపే చిన్న మోటారు తిరుగుతూనే ఉంది, లైటు మాత్రం కదలదు. విప్పి చూస్తే లోపల పళ్లచక్రానికీ ఇరుసుకూ మధ్య ఉండాల్సిన మూడు ప్లాస్టిక్ బిళ్లలు పిండి పిండి అయిపోయి ఉన్నాయి. అవి దొరికేవి కావు, ఒప్పుకోలేమని చెప్పేద్దామన్నాడు అన్న. నాకు మా మగ్గం గుర్తొచ్చింది. పోగు మోసే నాడెను ఇటు నుంచి అటు తన్నే గట్టి రబ్బరు దిమ్మె ఒకటి ఉంటుంది, రోజంతా దెబ్బలు తిన్నా నలగదు. ఊరి నుంచి తెచ్చుకున్న పెట్టెలో అదొకటి మిగిలి ఉంటే మూడు ముక్కలు కోసి, అరగదీసి, బిళ్లల చోట అమర్చాను. షావుకారు మీట నొక్కితే రెండు కళ్లూ ఒక్కసారే తెరుచుకున్నాయి. తెర సందులోంచి చూస్తున్న నాకు కూడా కళ్లు తెరుచుకున్నట్టే అనిపించింది.

మోటారు విప్పిన వాళ్లు మూత లోపలి వైపు తమ పేరు గీకడం మా పనిలో ఆనవాయితీ; రేపు తప్పొస్తే ఎవరి చెయ్యో తెలియాలి కదా. నా పేరు ఎలా ఉంటుందో రాసిమ్మని అన్నను అడిగాను. సుద్దముక్కతో రేకు మీద నాలుగక్షరాలు రాసిచ్చాడు. ముగ్గు నేర్చుకున్నట్టు వాటిని నేర్చుకుని, ఆనాటి నుంచి నా చేతిలో పడ్డ ప్రతి మోటారు మూతలోనూ మేకుతో గీకాను. స్టీలు చెంబు కొంటే దాని మీద కూడా అవే చెక్కించుకున్నాను. వదినకు చదువొచ్చు; ఆ చెంబుతో నీళ్లు తాగేది, ఏనాడూ ఏమీ అనలేదు. సంతకం పెట్టాల్సిన చోట మాత్రం వేలిముద్రే వెయ్యి, అదే గట్టిదని అన్న చెప్పేవాడు. నా మీద ఎంత జాగ్రత్తో అనుకునేదాన్ని.

రెండేళ్ల కిందట మా వీధిలో పెద్దవాళ్లకు చదువు చెప్పడానికి ఒక టీచరమ్మ వచ్చింది. అక్షరాలేమైనా వచ్చా అని అడిగితే గర్వంగా ఆ నాలుగూ పలక మీద రాశాను.

"ఓబులేసు. ఎవురవ్వా, మీ ఆయనా?" అంది.

నేను నవ్వి, సరిగ్గా చదవమన్నాను. ఆమె పక్కనే ఓబులమ్మ అని రాసి రెండూ చూపించింది. ఇంటి దేవుడి పేరే పిల్లలందరికీ పెట్టడం మా వైపు మామూలు. మొదటి రెండక్షరాలు అన్నవీ నావీ ఒకటే, చివరి రెండే వేరు.

ఆ పలక తీసుకుని నేరుగా అన్న ఇంటికి పోయి ఆయన ముందు పెట్టాను. చూసి పక్కకు జరిపాడు.

"ఆ పొద్దు మొగోని పేరు లేకుంటే షావుకారు మళ్లా బండి మన చేతికిచ్చునా పాపా? పేరు ఏదైతే ఏంది, లైట్లు లేచ్చాండాయి గదా."

"ఏదైనా ఒగటే అయితే, నాదే రాసిచ్చింటే ఏం పోయేదన్నా?"

ఆయన నవ్వబోయాడు. "సగం నీదే లే. ఓబు నీకూ ఉండాది."

గుమ్మంలో నిలబడ్డ వదిన వంటింట్లోకి పోయింది. నేను లేచి వచ్చేశాను. అబద్ధం చెప్పింది ఆయనే, కానీ ఇన్నేళ్లుగా మేకు పట్టుకుని దాన్ని గీకుతూ వచ్చింది నా చెయ్యి.

ఇప్పటి కార్లకు లైట్లు లేవవు, ఎప్పుడూ తెరుచుకునే ఉంటాయి. మోటారు చెడితే ఎవరూ విప్పరు, పారేసి కొత్తది వేస్తారు. మూత లోపల చూసేవాళ్లే లేరు. నేను కట్టిన మోటార్లన్నీ ఏ పాత ఇనుము కుప్పలోనో ఆయన పేరుతో తుప్పు పట్టి ఉంటాయి. ఒక్క ఆ తెల్ల కారు మాత్రం పులివెందుల రైతు ఒకాయన చేతికి పోయి ఇంకా తిరుగుతోంది. పలకతో అన్న ఇంటికి పోయిన నాటికి దాని మోటారు రబ్బరు అరిగి మళ్లీ నా బల్ల మీదికి వచ్చి ఉంది.

మరునాడు పొద్దున్నే, అన్న రాకముందే, అంగడి తెరిచి కొత్త ముక్కలు వేశాను. మూత తిరగేశాను. ఓబు జోలికి పోలేదు. లేసు మీద మేకుతో అడ్డంగా గీత లాగి, దాని కింద లమ్మ అని గీకాను. మ వత్తు వంకర పోయింది. అలాగే బిగించేశాను.