పారబోసిన ఇప్పపువ్వు నీళ్లు

ఈ మధ్య హోటళ్లలో టీ కప్పులు హోమియోపతి మోతాదుకు దిగిపోయాయి. రుచి నాలుకకు అందేలోపే కప్పు అడుగు కనిపిస్తుంది. ముప్పై ఏళ్లు రుచి చూడటమే ఉద్యోగంగా బతికినవాడికి ఇది కొంచెం ఇబ్బందే.

2006 మార్చిలో నన్ను ఖమ్మం శివారులోని ఒక చిన్న బీరు ఫ్యాక్టరీకి బ్రూయర్‌గా వేశారు. బీరు కాచే పనికంతటికీ బాధ్యత బ్రూయర్‌ది, అధికారం మేనేజరుది. భద్రాచలం అడవుల ఇప్పపువ్వుతో కొత్త బీరు చేస్తానని నేనే రాసిచ్చాను: గోధుమ బీరు తేలికదనం, వేయించిన మాల్ట్ కమ్మదనం, పైన పువ్వు తెచ్చే పండు వాసన. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. మేనేజరు మూడు విడతలకు ఒప్పుకున్నారు. మూడోదీ కుదరకపోతే ఈ ప్రయోగానికి పెట్టిన నమూనా ట్యాంకు విప్పేసి, నన్ను సీసాలు కడిగే సెక్షన్‌కు పంపుతామని కాగితం మీదే రాశారు. ఆయన చేతిరాత చక్కగా ఉండేది.

మొదటి విడత గ్లాసును వెలుతురుకు పెట్టి రంగు చూశాను, వాసన పీల్చాను, ఒక గుక్క నోట్లో తిప్పి మింగాను. బీరును ఉమ్మకూడదు, చేదు సంగతి మింగాకే తెలుస్తుంది. మాల్ట్ ఉంది, గోధుమ ఉంది, పువ్వు మాత్రం సెలవులో ఉంది. ఈస్టు మార్చి రెండో విడత చేశాను. పువ్వు సెలవు పొడిగించింది.

పువ్వు కొనుగోలు చూసే గుమాస్తా రహీం నేలకొండపల్లివాడు. "సార్, సీసాల సెక్షన్ల ఫ్యాన్ గూడ లేదు. జల్దీ ఏదన్న చెయ్యుండ్రి" అన్నాడు. ఓడిపోవాలని నాకూ లేదు. రెండో విడత సీసా పట్టుకుని, రహీంను వెంటబెట్టుకుని, మాకు పువ్వు ఏరి ఇచ్చే జోగమ్మ దగ్గరికి చర్ల దారిలోని గూడేనికి వెళ్లాను.

పెద్దావిడ. ముందు నాలుగు చుక్కలు గతించిన పెద్దల పేరున నేల మీద పోసి, తర్వాత తాగింది.

"గిసొంటిది పోసినందుకు పెద్దలు ఏమనుకుంటరో. పువ్వేది సారూ? ఎట్ల చేసినవ్?"

పద్ధతి వివరించాను. బార్లీని మొలకకు ముందు నానబెట్టి, దుమ్మూ పొట్టు వగరూ దిగిన మొదటి నీళ్లు పారబోస్తాం. ఎండిన పువ్వునూ అలాగే ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోశానని కొంత గర్వంగానే చెప్పాను.

"తీపంత పారబోసినవా!" ఆమె రహీం వైపు తిరిగింది. "ఏం రహీమూ, సారు సదువుకోలేదా?"

"అవ్, శానా సదివిండు" అన్నాడు రహీం. "గందుకే."

మూడో విడతకు పువ్వులో ఇసుక మాత్రం దులిపించి, నానిన నీళ్లను మాల్ట్‌తో కలిపి కాయించాను. ఒక్క చెంబు కూడా కాలువలో పడకుండా తొట్టి దగ్గర నేనే నిలబడ్డాను. మూడు వారాల తర్వాత గ్లాసులో ఎండుద్రాక్ష, ముగ్గిన అరటిపండు, వాటి వెనకే కాల్చిన రొట్టెలాంటి మాల్ట్. మేనేజరు రెండు గ్లాసులు రుచి చూశారు. నియమం ప్రకారం ఒకటి చాలు. ట్యాంకు ఉండిపోయింది, దాని పక్కన నేనూ.

దీనివల్ల నేర్చుకున్నది ఇంతే: గింజకు సరైన పద్ధతి పువ్వుకు తప్పు కావచ్చు. పద్ధతి బాగా వచ్చినవాడే ఆ తప్పు చేస్తాడు, అదీ శుభ్రంగా.

ఆ సీసా ఒకటి జోగమ్మకు తీసుకెళ్లాను. పెద్దలకు పోసి, తను తాగి, గ్లాసు బోర్లించింది. ఎలా ఉందని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"మంచిగుంది. పువ్వు మంచిదైతే ఎవలు చేసినా గిట్లనే అయితది సారూ."