ముప్పై ఆరు గుంజల మిద్దె

ఆ రోజుల్లో మా వైపు సిమెంటు వాడినవాళ్ళకంటే సిమెంటు గురించి మాట్లాడేవాళ్ళే ఎక్కువ. ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోయేకొద్దీ తాటాకు ఇళ్ళే తప్ప మిద్దె కనపడేది కాదు. మాట్లాడేవాళ్ళలో మాత్రం నేను మొదటి వరసలో ఉండేవాణ్ణి. ఇరవై ఒకటో ఏట మద్రాసులో ఎల్.సి.ఇ. అనే ఇంజనీరింగు చదువు పాసై వచ్చాను, ఎవరూ అడక్కపోయినా ఆ సంగతి చెబుతుండేవాణ్ణి. చొక్కా జేబులో లెక్కలు కట్టే స్లైడ్‌రూలు బయటకు కనపడేట్టు పెట్టుకునేవాణ్ణి. (దాంతో లెక్క చేయాల్సిన అవసరం ఆ ఏడాదంతా రెండుసార్లే వచ్చింది.) నెల్లూరులో కంట్రాక్టులు చేసే మా బాబాయి నా అవస్థ చూసి, "కృష్ణపట్నం అవతల ఒక పల్లెలో పెద్దకాపు మిద్దె కట్టుకుంటున్నాడు. పోయి దగ్గరుండి కట్టించు. సాయిబు చెప్పినట్టు విను" అన్నాడు. మొదటి రెండు మాటలూ శ్రద్ధగా విన్నాను. మూడోది చెవిన వేసుకోలేదు.

పెద్దకాపు అంటే ఆ పల్లెకు పెద్ద, నాలుగు పడవల ఆసామి. మిద్దె కోరిక మాత్రం ఆయనది కాదు, వాళ్ళమ్మది. ఊరంతా ఆమెను అవ్వ అనే పిలిచేవాళ్ళు. అంతకు ముందటేడు గాలివానకు ఇంటి కప్పు లేచిపోతే ఆ డెబ్భై ఏళ్ళ మనిషి తిరగేసిన పడవ కింద ఒకరోజంతా కూర్చుని, గాలి తగ్గాక బయటకొచ్చి, "ఒరే, నా నెత్తిన ఎగిరిపోని కప్పు ఎయ్యిరా" అని కొడుకుతో అన్నదట. ఆ కప్పు వేయడానికి బయలుదేరిన మహానుభావుణ్ణి నేను. సాయిబు అంటే మా బాబాయి దగ్గర చాలా ఏళ్ళుగా ఉన్న తాపీమేస్త్రీ. గడ్డం నెరిసినవాడు, మాట తక్కువ.

పునాది మొదలుపెట్టిన రోజే నా చదువుకు దెబ్బ తగిలింది. సాయంత్రానికి మూడడుగుల గోతులు తీయించి, కొలతలు పుస్తకంలో ఎక్కించి వెళ్ళాను. తెల్లారి వచ్చి చూస్తే గోతులు లేవు. ఇసుక తన చోటికి తాను వచ్చేసింది. మధ్యలో కాసిని ఉప్పునీళ్ళు ఊరి, వాటిలో రెండు ఎండ్రకాయలు కాపురం పెట్టాయి. సాయిబు పని అందుకున్నాడు. పక్కల పలకలు నిలబెట్టించి, నీళ్ళు తోడిస్తూ, మూల తర్వాత మూలగా తవ్వించి పునాది లేపాడు. సిమెంటు మాలు కలపడానికి ఆ ఉప్పునీళ్ళు ముట్టనివ్వలేదు. సముద్రపు ఇసుక అసలే వద్దన్నాడు. ఇసుక పెన్న నుంచి కాలువలో పడవల మీద వచ్చింది. మంచినీళ్ళు పల్లె ఆడవాళ్ళు ఇసుకదిబ్బల వెనక చెలమల నుంచి కుండలతో తెచ్చారు. వచ్చిన ప్రతి కుండలోనూ సాయిబు వేలు ముంచి నాలుక మీద రాసుకుని, "ఇది మాలుకి", "ఇది కాళ్ళు కడుక్కోడానికి" అని వేరు చేసేవాడు. నేను పక్కన నిలబడి నవ్వుకునేవాణ్ణి. నాలుకతో చేసే పరీక్ష మా పాఠాల్లో లేదు మరి.

గోడలు లేచాయి. లోపల ఇసుక నింపి, తడిపి, దిమ్మిసలతో కొట్టించాం. ఇక కప్పు. నడింట్లో సరుగుడు గుంజలు నిలబెట్టి, వాటి మీద పలకలు పరిచి, ఆ పలకల మీద ఇనప కమ్మీ కట్టి మాలు పోయాలి. మాలు గట్టిపడిందాకా బరువంతా మోసేది ఆ గుంజలే. సాయిబు గుంజ పట్టుకుని నా వైపు చూశాడు. ఓవర్సీరు అన్న మాట ఆయన నోట ఓర్సీరు అయ్యేది.

"కింద తాటిపలకలు ఎయ్యాల ఓర్సీరయ్యా. ఉత్త ఇసక మీద గుంజ నిలబెడితే దిగబడతాది."

"అక్కర్లేదు సాయిబూ. తడిపి దిమ్మిస కొట్టిన ఇసుక రాయితో సమానం" అన్నాను. అంతటితో ఊరుకోక చదరపు అడుగుకు ఎంత బరువు ఓర్చుకుంటుందో స్లైడ్‌రూలు తీసి లెక్క వేసి చూపించాను. (చెప్పానే రెండుసార్లని, అందులో ఇదొకటి.) సాయిబు ఆ లెక్క వంక ఎంతో మర్యాదగా చూసి, "మీ ఇష్టం" అన్నాడు.

మాలు పోసిన రోజు పల్లె పల్లెంతా వచ్చింది. ఆ రోజు చేపల వేటకు ఒక్క పడవా పోలేదు. ఆడవాళ్ళు వరసగా నిలబడి మాలు బొచ్చెలు అందిస్తుంటే నేను పైన నిలబడి, ఎవరికీ అక్కర్లేని ఆజ్ఞలు ఇస్తూ గొంతు పోగొట్టుకున్నాను. మధ్యాహ్నానికి పని ముగిసింది. కిందికి దిగి లోపలికి తొంగి చూస్తే నడింటి గుంజలు కొన్ని ఇసుకలో దిగబడి కురచగా కనిపించాయి. సాయిబు ఈ గోడ నుంచి ఆ గోడకు దారం లాగాడు. కప్పు మధ్యలో రెండుంబావు అంగుళాలు కిందికి దిగింది. కడుపు నిండా తిన్నవాడి పొట్టలాగా ఉంది. సాయిబు దారం చుట్టుకుంటూ, "పరవాలేదు లెండి, నిలబడతాది" అన్నాడు. తాటిపలకల మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆ రోజే నా మనసు తేలికపడేదేమో.

ఇరవై ఒక్క రోజులకు గుంజలు తీసేయాలి. ఆ రోజు సైకిలు ఇసుకలో తోసుకుంటూ వెళ్ళి, కప్పు వైపు చాలాసేపు చూసి, "ఇంకో పదిరోజులు ఉండనీయండి" అన్నాను. గాలిలో తేమ ఎక్కువని ఏదో కారణం చెప్పాను. పదిరోజులు గడిచాక ఇంకో పదిరోజులు అన్నాను. గుంజలు తీస్తే కప్పు కూలుతుందని నా భయం. అవ్వ నెత్తిన ఎగిరిపోని కప్పు వేయమంటే, నెత్తిన పడే కప్పు వేశానని నేను రోజూ కుమిలిపోయేవాణ్ణి. వారానికోసారి వెళ్ళి దారం లాగి కొలిచేవాణ్ణి. రెండుంబావే ఉండేది. అయినా తిరిగి వచ్చేటప్పుడు రెండున్నర అయిందేమోనన్న అనుమానం సగం దారిలో పట్టుకునేది. (అవ్వ పెట్టే నెత్తళ్ళ చేపల పులుసు కోసం కూడా వెళ్ళేవాణ్ణని మా ఆవిడ అంటుంది. అబద్ధం కాదు.)

పెద్దకాపు ఇంటివాళ్ళు మాత్రం ఆ ముప్పై ఆరు గుంజల మధ్యే కాపురం పెట్టేశారు. ఒక గుంజకు ఉట్టి, ఒకదానికి వల, ఒకదానికి మేకపిల్ల. అవ్వ ఆకువక్క సంచి వేలాడే గుంజ దగ్గరికి ఎవరూ పోకూడదు. పెద్దకాపు పొడుగుమనిషి, గుంజల మధ్య కాళ్ళు ఇరికించుకుని పడుకునేవాడు. గుంజలూ పలకలూ, సెంట్రింగు సామానంతా అక్కడే చిక్కుకుపోయిందని మా బాబాయి కార్డు రాశాడు: "ఇల్లు కట్టావా, సరుగుడు తోట వేశావా?"

మూడో నెలలో అవ్వ మనవరాలు తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. అప్పటికే నెలలు నిండుతున్నాయి. వచ్చిన కొత్తలో పక్కవాటుగా నడిచి గుంజల మధ్య నుంచి పోయేది. ఒక ఉదయం నేను దారం పట్టుకుని నిలబడి ఉండగానే ఉట్టి గుంజకీ మేకపిల్ల గుంజకీ మధ్య ఇరుక్కుపోయింది. ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు. ఇద్దరు ఆడవాళ్ళు నవ్వుకుంటూ వెనక్కి లాగారు. ఆ పిల్ల మాత్రం ఏడ్చింది. అవ్వ నా దగ్గరికి వచ్చింది.

"అబయా, కప్పు సంగతి నాకు తెలవదు గానీ, ఈ బిడ్డ ఇంక ఇందులో పట్టదు. వానలు కూడా వచ్చేట్టుండాయి. తీసెయ్యమంటావా, ఇంకో పదిరోజులంటావా? నీ నోటితోనే చెప్పు."

"తీసేయండి" అన్నాను.

సాయిబుకు కబురు పంపాం. మర్నాడు పొద్దున్నే వచ్చాడు. అందరినీ బయటకు పంపించాను. చివరికి చూస్తే అవ్వ నడింట్లో, సరిగ్గా కప్పు దిగిన ఆ పొట్ట కింద, చాప వేసుకుని కూర్చుని ఉంది.

"బయటకి రా అవ్వా, ప్రమాదం."

"నా కోసం కట్టిన మిద్దె గదా, నేనెందుకు పోవాల? నువ్వు పో నాయనా, చిన్నోడివి."

వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. ఇద్దరం పోయేముందు నిజం చెప్పాలనిపించింది. "అవ్వా, సాయిబు తాటిపలకలు వేయమన్నాడు. నేనే వద్దన్నాను. తప్పు నాదే" అన్నాను. ఆమె ఆకుకు సున్నం రాసుకుంటూ, "సరేలే, కదలకుండా కూచో" అంది.

సాయిబు బిస్మిల్లా అని సుత్తి ఎత్తాడు. మధ్య గుంజ ఊడింది. రెండోది ఊడింది. ఎనిమిదో గుంజ దగ్గర పైనుంచి ఏదో ఫట్‌మని నా నెత్తిన పడింది. "అమ్మో!" అని అవ్వ ఒడిలో తల దాచుకున్నాను. పడింది ఒక చెక్కముక్క, అరచేయంత కూడా లేదు. బయట పల్లెంతా నవ్వుతోంది. అవ్వ మాత్రం నవ్వకుండా నా తల మీద సిమెంటు దులిపింది. ముప్పై ఆరు గుంజలూ ఊడాయి. సాయిబు దారం లాగాడు. రెండుంబావు అంగుళాలు, నూలుపోగంత తేడా లేదు. మనవరాలు లోపలికి వచ్చి, రెండు చేతులూ చాపుకుని, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకసారి నడిచి చూసుకుంది.

గుంజలు పడవకెత్తి కాలువలో తిరిగి వస్తుంటే, ధైర్యం వచ్చి సాయిబు దగ్గర కొంచెం గొప్పలు పోయాను. "వాళ్ళు భయపడతారని ఇన్నాళ్ళు ఉంచాం గానీ సాయిబూ..." అన్నాను. సాయిబు నా వైపు చూడకుండా నీళ్ళ వైపు చూస్తూ చెప్పాడు.

"వాళ్ళకేం బయం ఓర్సీరయ్యా? తీసెయ్యొచ్చని మొదటి నెల్లోనే నేను అవ్వకి చెప్పినా. ఆమే వద్దనింది. 'ఆ పిలగోడికి ఇది మొదటి కప్పంట. వాని మాట కాదని మనమే తీసేస్తే ఇంక వాని మాట ఎవురింటారు? వాడు తియ్యమన్నప్పుడే తీద్దాం, అందాకా సర్దుకుంటాం' అనింది."

మూడు నెలలు పెద్దకాపు కాళ్ళు ఇరికించుకుని పడుకున్నది, ఆ పిల్ల పక్కవాటుగా నడిచింది కప్పు కోసం కాదు, నా కోసం. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. సిమెంటు దుమ్మని సాయిబుతో చెప్పాను. ఆయన అది కూడా మర్యాదగానే విన్నాడు.

తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా కప్పులు వేయించాను. ప్రతి గుంజ కిందా పలక వేయించాను. ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా కూర్చోబోయే ముందు పైకి చూస్తానని మా ఆవిడ విసుక్కుంటుంది. నా కింద పనిచేసిన కుర్ర ఇంజనీర్లు ఎవరైనా వచ్చి, కప్పు వంక చూడకుండా కాళ్ళ వంక చూసుకుంటూ, "సార్, ఇంకో పదిరోజులు ఉంచుదామా?" అంటే, నాకు నెత్తళ్ళ పులుసు వాసన వచ్చేది. ఉంచమనేవాణ్ణి. ఎందుకని మాత్రం ఒక్కణ్ణీ అడగలేదు.